నీళ్ళంటే భయం

కాపలా వదిలి పారిపోయిన సైనికుడి శవం మూడో రోజున మంచులో దొరికింది. ఆ శవం ఫొటోను కర్నల్ ప్యో సూప్ గిన్నె పక్కన పెట్టాడు.

"సరిహద్దు అవతలి నుంచి లౌడ్‌స్పీకర్లో పిలిచారు. వీడి చచ్చిపోయిన తమ్ముడి గొంతుతో. ఆ తమ్ముడి సంగతి వీడు ఒక్కచోటే చెప్పుకున్నాడు."

"ఎక్కడ సార్?" అన్నాడు కెప్టెన్ నమ్‌గుంగ్ హ్యోక్.

"మన మనోధైర్య శిక్షణ శిబిరంలో. రెండు వందల పదమూడు మంది భయాలు ఫైళ్ళకెక్కి ఉన్నాయి. ఎవరో అమ్ముతున్నారు. నువ్వు మామూలు సార్జెంట్‌లా చేరు. ఇద్దరికి రెండు అబద్ధాలు చెప్పు. ఏ అబద్ధం బయటికి పొక్కి తిరిగి మన నెత్తిన పడుతుందో చూద్దాం."

శిబిరంలో హ్యోక్‌కు మొదట తగిలినవాడు శిక్షకుడు బాంగ్. గడ్డకట్టిన వాగు పక్కన భుజాన దుంగ మోయించాడు.

"ఏరా నత్తా! మీ అమ్మ నిన్ను దూదిలో చుట్టి పెంచిందా?"

"సార్, ఇరుకు చోటంటే నాకు ఊపిరాడదు," అన్నాడు హ్యోక్.

"అలాగా!" బాంగ్ ఆ పూటే అతన్ని సొరంగంలోకి తోశాడు. కానీ బయట తాడు పట్టుకుని, బయటికొచ్చేదాకా అరుస్తూనే ఉన్నాడు. "ఊపిరి లెక్కపెట్టరా వెధవా! నాలుగు లోపలికి, ఆరు బయటికి!"

రెండో అబద్ధం శిబిరంలో కౌన్సెలింగ్ చేసే డాక్టర్ తక్ సోరాకు. చెవులకు ముత్యాలు, చేతిలో బార్లీ టీ, మంచు కరిగించే గొంతు.

"చెప్పండి. ఈ మాట ఈ గది దాటదు."

"నీళ్ళంటే భయం మేడమ్. చిన్నప్పుడు మునిగిపోయాను."

ఐదో రోజు అందరూ భోజనాలకు వెళ్ళాక, సోరా అతన్ని ఈతకొలను దగ్గరకు పిలిచింది. తలుపు చాటున ఆమె మనిషి తుపాకీతో నిలబడి ఉన్నాడు.

"నీ ఫొటో మావాళ్ళు గుర్తుపట్టారు కెప్టెన్. ఎవరు పంపారు?"

"మా అమ్మ. ఉద్యోగం చేసుకోమంది."

ఆమె నవ్వలేదు. తన మనిషి చేత హ్యోక్ నడుముకు సీసపు దిమ్మల పట్టీ కట్టించి నీళ్ళలోకి తోయించింది. "భయంతోనే చస్తాడు. నువ్వెళ్ళి కారు తియ్యి."

హ్యోక్ రెండు క్షణాలు గిలగిలా కొట్టుకుని, అడుగున బిగుసుకుపోయాడు. జేజు దీవిలో అతని తల్లి సముద్రం అడుగున నత్తగుల్లలు ఏరి బతికిన మనిషి. అలాంటి పట్టీయే కట్టుకుని ఏడేళ్ళకే ఆమె వెంట మునిగేవాడు. అయినా ఛాతీ మండిపోతోంది. కనపడకుండా ముడి విప్పుకుంటూ అంకెలు లెక్కపెట్టాడు. పైన సోరా గట్టున కూర్చుని ఫోన్లో ఫైళ్ళన్నీ ఒకే మూటగా పంపుతోంది.

తొంభై నాలుగు శాతం. తొంభై ఏడు.

నీళ్ళలోంచి ఒక చెయ్యి లేచి ఆమె మడమ పట్టుకుంది. ఫోనూ ముత్యాలూ ఆమె కేకా అన్నీ కలిసి నీళ్ళలో పడ్డాయి. తెర ఆరిపోయింది.

కేక విని పరుగెత్తుకొచ్చిన బాంగ్, కారు దగ్గరివాణ్ణి దారిలోనే పడగొట్టి ఈడ్చుకొచ్చాడు.

కాసేపటికి కర్నల్ ఫోన్ చేశాడు. "శభాష్! మూట మధ్యలోనే తెగింది, ఒక్క ఫైలూ వెళ్ళలేదు. ఆ, ఇలాంటి పని చేసొచ్చాక కౌన్సెలింగ్ తప్పనిసరి. రేపు పదింటికి కొత్త డాక్టరమ్మ వస్తోంది. మనసు విప్పి మాట్లాడు."

"సార్," అన్నాడు హ్యోక్ తల తుడుచుకుంటూ, "దానికన్నా మళ్ళీ కొలనులో దిగమనండి."