మాట్నీలో వేయని ఆఖరి రీలు

పొయ్యి మీద జొన్నరొట్టె మాడుతున్నా నాగలక్ష్మి తిప్పడం లేదు. లోపల కూతురు సాహిత్య ట్రంకుపెట్టెలోవన్నీ నేల మీద కుమ్మరించి వెతుకుతోంది. వరంగల్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. సాయంత్రం నాలుగింటిలోగా సర్టిఫికెట్లతో వెళ్లి చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఈ అడవి పల్లె నుంచి పొద్దున పూట ఇల్లందుకు ఒక్కటే బస్సు, ఎనిమిదిన్నరకు.

"అమ్మా, నా సర్టిఫికెట్లు ఏడ వెట్టినవ్?"

"నాకేం ఎరుక?"

"నిన్న పెట్టెల్నే ఉండె. కాళ్లొచ్చి నడిచిపోయినయా?"

ఎరుక లేకేం! బియ్యం డ్రమ్ము అడుగున దాచింది తనే. పిల్ల మేలు కోసమేనని నాలుగుసార్లు తనకు తానే చెప్పుకుంది కూడా. చండ్రుగొండలో ఉన్న మేనబావ బాలకృష్ణ అంటే సాహిత్యకు ఇష్టం. అతనికీ ఈ పిల్లంటే ప్రాణం. నాలుగేళ్లు దూరంగా ఉంటే ఆ మనసులు ఇలాగే ఉంటాయా?

ఈ భయం నాగలక్ష్మికి ఒక సినిమా నేర్పింది. పద్దెనిమిదేళ్లప్పుడు ఇల్లందు టాకీసులో మాట్నీకి పదకొండుసార్లు చూసింది. చదువు కోసం పట్నం పోతున్న పిల్ల, ప్రేమించిన కుర్రాడు ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకు రావడం చూసి, కదిలే రైలు దిగేస్తుంది. అంతే, శుభం. నాగలక్ష్మి కూడా అలాగే టీచర్ ట్రైనింగ్ సీటు వదిలేసి, ఆ టాకీసులో సినిమా ఆడించే ఆపరేటర్ వీరన్నను చేసుకుంది. చదువు వదిలేశానని మనసు పీకిన రోజున ఆ రైలు సీను తలచుకునేది. టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా, పిల్ల రైలు దిగగానే వీరన్న "అయిపాయె గదా, అన్నం పెట్టు" అని టీవీ కట్టేసేవాడు.

"ప్రేమించినోడు ఎదురుంగ ఉంటే రైలు దిగాలె," అంది నాగలక్ష్మి. "సినిమాల ఆ పిల్ల దిగలే?"

సాహిత్య చేతులు ఆగిపోయాయి. "దిగింది. మల్ల ఎక్కింది."

"ఏందీ?"

"నిన్న ఫోన్ల మొత్తం చూసిన. నువ్వే చూడలేదమ్మా."

"పదకొండుసార్లు చూసినదానికి చెప్తున్నవా? నోర్మూయ్!"

సాహిత్య ఫోన్ తెచ్చి తల్లి కళ్ల ముందు పెట్టింది. పిల్ల రైలు దిగింది. శుభం పడలేదు. కుర్రాడి చేతిలో ఆమె మరిచిపోయిన సర్టిఫికెట్ల సంచి ఉంది. "వెళ్లు, నేనిక్కడే ఉంటా" అని అందించాడు. ఆమె ఏడుస్తూనే మళ్లీ రైలెక్కింది.

నాగలక్ష్మి పొయ్యి ముందు కూర్చునే ఆ సీను మళ్లీ పెట్టించుకుని చూసింది. గడపలో వీరన్న తల దించుకుని నిలబడ్డాడు.

"నీకెరుకేనా?"

"అవ్ లక్ష్మీ. మాట్నీకి ఆఖరి రీలు నేనే ఎయ్యకపోయేది. శుభం స్లైడ్ పెట్టి లైట్లేసేటోణ్ని."

"ఎందుకయ్యా?"

"ఐదింటికి మీ ఊరి ఆఖరి బస్సు. అది పోతే నువ్వు పన్నెండు కిలోమీటర్లు అడవిల నడవాలె. నీకోసమే ఆపిన. అది చూసి నువ్వు చదువిడుస్తవని నాకేం తెలుసు? తెలిసినంక చెప్పనీకి ధైర్యం చాలలే."

తనను బస్సెక్కించడానికి అతను ఆ పిల్లను రైలెక్కనివ్వలేదు! తిట్టాలో, మెడ పట్టుకుని ఏడవాలో తెలియక నాగలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇరవై మూడేళ్ల ఏడుపు ఒక్కసారే వచ్చింది.

మలుపు దగ్గర బస్సు హారన్ మోగింది. ఆమె దిగ్గున లేచి బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. సర్టిఫికెట్ల కవరు బయటికి లాగి, అంటిన గింజలు దులిపి సాహిత్య చేతిలో పెట్టింది.

"అమ్మా..."

"ఏడ్పులు తర్వాత. సంచి అందుకో!"

వట్టి కాళ్లతో ఉరికి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. "మీద పడ్తవా ఏందక్కా?" అని డ్రైవర్ కసిరాడు.

"నా బిడ్డొస్తుంది. ఆగు."

సాహిత్య ఎక్కి కిటికీలోంచి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, బావకు..."

"నేను చెప్తా. ఈడనే ఉంటడు, పో."

బస్సు కదిలింది. వీరన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. దుమ్ము అణిగేదాకా నాగలక్ష్మి అతని వంక చూడలేదు. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"ఇంటికి పోయి ఆ సినిమా పెట్టు, మొదటి సంది. ఈసారి మధ్యల కట్టేసినవంటే చేతులిరగ్గొడ్త."