ముఖం కప్పుకోని ఆవిడ

మధ్యాహ్నం నుంచీ ముసురు. అంటురోగాల వార్డులో కిటికీలన్నీ మూసేశారు. ఫినాయిలు వాసనా, తడిగోడల వాసనా కలిసి గాలి బరువెక్కింది. చిన్న నర్సు గౌను, గ్లౌజులు, మాస్కు, దాని మీద ముఖానికి అడ్డంగా ప్లాస్టిక్ అద్దం తగిలించుకుని లోపలికి వచ్చింది. ఊపిరి వదిలితే చాలు, అద్దానికి ఆవిరి పట్టేది. చెవుల వెనక పుండ్లు పడ్డాయి. అయినా ఒక్క ముడి వదులు చేసేది కాదు. ఇంట్లో పాలు మానని పాప ఉంది మరి. డ్యూటీ దిగి, పెరట్లో తలారా స్నానం చేసి, బట్టలు మార్చుకుంటే తప్ప పాపని ముట్టేది కాదు. ఆ నియమాన్ని గాలిలో దీపంలా కాపాడుకుంటూ వస్తోంది. అత్తగారూ అంతే, స్నానం కాకుండా కోడల్ని గడప తొక్కనివ్వదు.

ఈ మాస్కు గురించే పెద్దక్కతో రోజూ పేచీ పడేది. వార్డులో అందరికంటే సీనియర్ నర్సుని పెద్దక్క అనేవాళ్ళు. ఆవిడ ముఖానికి గుడ్డపీలికైనా అడ్డం పెట్టేది కాదు.

“ఏంటే ఈ మూట? లోపలున్నది నువ్వో మీ అత్తగారో ఎలా తెలుస్తుందే?”

“మా అత్తగారైతే ఈపాటికి నీకు చీవాట్లు పడేవక్కా. పెట్టుకో, నీకు పుణ్యముంటుంది.”

“పోయేవాళ్ళకి ఆఖరున ఒక్క మనిషి ముఖమైనా కనపడొద్దుటే?”

పెద్దక్క ఆ మాట మీదే ఉండి, రోగుల జబ్బే అంటుకుని, పోయిన నెల ఇదే వార్డులో మూలమంచం మీద కన్నుమూసింది.

ఆ మంచం మీద ఇప్పుడొక బామ్మ ఉంది. ముసుగుల వాళ్ళని చూసి హడలిపోయి, పొద్దుటి నుంచీ ఎవరిచేతా గుక్కెడు నీళ్ళు కూడా పుచ్చుకోలేదు.

“మందు తాగండి బామ్మగారూ.”

“తాగేశానమ్మా,” పీలగా అంది బామ్మ. “ఆవిడ తాగించింది.”

“ఎవరు?”

“ముఖం కప్పుకోని ఆవిడ. మీ అందరిలోకీ ఆవిడొక్కతే మనిషిలా ఉంది.”

బామ్మ పెదవులు తడిగా ఉన్నాయి.

జ్వరంలో కలవరిస్తోందని సర్దిచెప్పుకుంది చిన్న నర్సు. కానీ మనసు కుదురుగా లేదు. ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. మాస్కులో తన ఊపిరి తనకే గట్టిగా వినిపిస్తోంది. దాని వెనకే... ఇంకో ఊపిరి. గురగురమంటూ. మెడ మీద చల్లగా.

“తియ్యవే... హాయిగా ఉంటుంది.”

చెయ్యి దానంతట అదే మాస్కు మీదికి వెళ్ళింది. వేళ్ళు ముడిని పట్టుకున్నాయి. పాప గుర్తొచ్చింది.

“నా వల్ల కాదక్కా... ఇంట్లో పాప ఉంది.”

పలకకూడని పిలుపుకి పలికేసింది. నాలిక కరుచుకుంది.

“అయ్యో, పాపేడుస్తుందేమో...” ఆ గొంతు దూరమవుతోంది. “ఉండు. నేను చూసుకుంటాలే.”

కరెంటు వచ్చింది. వెనక ఎవరూ లేరు.

ఆ తర్వాత ఏ పని చేసిందో ఆమెకే తెలియదు. పొద్దు వాలుతూనే పక్కామెకి పని అప్పగించి, వానలోనే ఇంటికి పరుగు తీసింది. గడప దగ్గర అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగాగు! స్నానం కాకుండా ఎక్కడికి?”

“పాప ఏదీ?”

“లోపలే ఉంది. ఏంటా కంగారు? మీ సీనియరట, వచ్చింది. నువ్వే పంపావంది. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల కాస్తా, ఆవిడ ముఖం చూడగానే టక్కున ఊరుకుంది.” పెద్దక్కని అత్తగారు ఎన్నడూ చూడలేదు.

“ముట్టుకోనిచ్చారా అత్తయ్యా?”

“ఆవిడ స్నానం చేసే వచ్చిందిలే. ఒళ్ళంతా మంచుముద్దలా ఉంది.”

“ఎప్పుడు... ఎప్పుడు వెళ్ళింది?”

“వెళ్ళడమేంటి? ఉయ్యాల ఊపుతోంది. నువ్వు ముందు నాలుగు చెంబులు పోసుకుని రా.”

లోపల ఉయ్యాల గొలుసు కిర్రు... కిర్రు... మంటోంది.

చిన్న నర్సు కాలు ఎత్తింది. ఒంటి నిండా వార్డు ఉంది. ఎత్తిన కాలు అలాగే ఆగిపోయింది.

“దేవుడా...”

ఉయ్యాల చప్పుడు ఆగింది. లోపల ఎవరో పొడిగా దగ్గారు.

దాని వెంటే... బుల్లి దగ్గు.