ధర్మవరం స్టాప్‌కి ఇంకొకరు

"నా స్టాప్ ఎత్తేసింది మీరేనా?"

తలెత్తి చూశాను. నీలం యూనిఫాం. చేతిలో నోటీసు బోర్డు మీంచి పీక్కొచ్చిన కాగితం, దానికింకా గుండుసూది వేలాడుతోంది.

"నేను కాదు, సాఫ్ట్‌వేర్."

"సాఫ్ట్‌వేర్ ఎవరు రాసినారు?"

"నేనే."

"అయితే మీరే కదా మేడమ్."

పెనుకొండ దగ్గర హైవే పక్కనున్న కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ మాది. సిబ్బంది బస్సులు ఏ దారిన, ఎన్ని స్టాపులతో తిరగాలో తేల్చడం నా పని. కంప్యూటర్ సైన్స్ చదివింది ఇందుకేనా అని మా నాయన అప్పుడప్పుడు అడుగుతుంటాడు.

అతని మెడలోని కార్డు చదివాను. బాబావలి, క్వాలిటీ చెకింగ్, ఫస్ట్ షిఫ్ట్.

"చూడండి, చెన్నేకొత్తపల్లి దాకా ఇరవై ఒక్కమంది ఉండారు. ఆడ్నుంచి ధర్మవరం దాకా మీరొక్కరే. అంత పెద్ద బస్సులో ఒక్క మనిషి. పెళ్లికొడుకుని కూడా అట్ల తీసుకుపోరు."

"ఇద్దరుంటే?"

"ఉంచుతాం. రూల్ అదే. ఒకటో తేదీ లోపల ఇంకొకర్ని తెచ్చుకోండి."

"యాడ్నుంచి తెచ్చేది? నాతో వస్తాండిన ముగ్గురూ పెనుకొండలో రూములు తీసుకునిరి."

"మీరూ తీసుకోండి. రోజుకు రెండున్నర గంటలు మిగుల్తాయి. నెలకు అరవై పైనే."

స్క్రీన్ అతని వైపు తిప్పాను. ప్రయాణాల సమయమంతా 'వేస్ట్' అనే కాలమ్‌లో ఎర్రగా మెరుస్తోంది. అతను దాన్ని చూసి, తర్వాత నన్ను చూశాడు.

"మీరు యాడుంటారు?"

"హిందూపురం."

"రోజూ పోయొస్తాండారా? మీరెందుకు రూము తీసుకోలే?"

దానికి నా దగ్గర కాలమ్ లేదు. సాయంత్రం హిందూపురంలో దిగగానే బజారు సందడి, మా నాయన ఇమాం నడిపే పరుపుల అంగడి, అక్కడ దూది మూట మీద కూర్చుని తాగే టీ. అవి వదులుకోలేక అని ఇతనికెందుకు చెప్తాను?

"అది పర్సనల్."

"నాదీ అదే. ఒకసారి బస్సెక్కి చూడండి మేడమ్. తర్వాత ఎత్తేద్దురు."

తర్వాతి వారం, మూడింటికి బయల్దేరే ధర్మవరం బస్సు ఎక్కాను. రూట్ ఆడిట్ అని రిజిస్టర్‌లో రాశాను.

చెన్నేకొత్తపల్లిలో అందరూ దిగిపోయారు. సన్నగా వాన మొదలైంది. డ్రైవర్ సుంకప్ప అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఏమప్పా బాబావలీ, ఈ పొద్దు బండి బరువు పెరిగినట్టుండాదే."

"ఆడిట్ అన్నా" అన్నాడు బాబావలి. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ట్యాబ్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తెర మీద చీర అంచు. ఒక్కో గడిలో రంగు నింపుతున్నాడు. ధర్మవరం మగ్గాలవాళ్లకు డిజైన్లు గీసిస్తాడట.

"ఇంట్లో కూర్చొని చేయొచ్చు కదా?"

"ఇంట్లో అయితే మా అమ్మ కూరగాయలకు పంపిస్తాది. ఈ గంటంబావు నాది. ఫ్యాక్టరీదీ కాదు, ఇంటిదీ కాదు."

"గీసి ఫోన్లో పంపితే సరిపాయె. పెనుకొండ నుంచైనా పంపొచ్చు."

"వస్తాండారు కదా, చూద్దురు."

ధర్మవరంలో, అతని డిజైన్లు నేసే హేమావతక్క ఇంటి గుమ్మంలో అర్థమైంది. ఆమె నేరేడు రంగు పట్టుదారం తెచ్చి, వాన వెలిసిన వెలుతుర్లో ట్యాబ్ పక్కన పట్టింది. రెండు రంగులూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి గానీ ఒకటి కాదు. అతను దారాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ తెర మీద మూడుసార్లు రంగు మార్చాడు.

"పొద్దు పోకముందే చూడాల. లైటు కింద రంగు అబద్ధం చెప్తాది."

"ఎవరప్పా ఈ పాప?" అంది హేమావతక్క.

"నా స్టాప్ ఎత్తేసే మేడమ్."

"చూస్తే అట్లా లేదే. టీ తాగుతావా అమ్మా?"

రైల్లో హిందూపురం తిరిగొస్తూ షీట్ తెరిచాను. 'వేస్ట్' అన్న మాట చెరిపేశాను. బదులు ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను.

ఆ నెలలో ఇంకో మూడు ఆడిట్లు చేశాను.

"ఒకే దారిని ఎన్నిసార్లు చూస్తావు పాపా? మలుపులేమైనా మారినాయా?" అన్నాడు నాయన, పరుపు కుడుతూ.

"ట్రాఫిక్ మారుతాంటాది నాయనా."

"ఆ ట్రాఫిక్ పేరేంది?"

"బాబావలి."

సూది ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

ఇరవై ఎనిమిదో తేదీన నా సిస్టమ్‌లోకి ఒక ఫారం వచ్చింది. బాబావలి, స్టాప్ మార్పు, ధర్మవరం నుంచి హిందూపురానికి. కారణం: 'రోజూ ఆడిట్‌కి వీలుగా ఉంటుందని.'

నవ్వొచ్చింది. వెనకే కోపమొచ్చింది. పిలిపించాను.

"హిందూపురంలో రూము చూసినావా?" 'మీరు' ఎక్కడ జారిపోయిందో నాకే తెలీదు.

"చూసినా. మీ అంగడి వెనక సందులో."

"మరి హేమావతక్క దారాలు?"

"ఆదివారాలు పోతా."

"మిగతా ఆరు రోజులూ లైటు కింద అబద్ధాలు గీస్తావా?"

అతని ముందే రిజెక్ట్ నొక్కాను.

"నీ స్టాప్ యాడికీ పోదు. రెండో పేరు దొరికింది."

"ఎవరు?"

స్క్రీన్ తిప్పాను. పొద్దున్నే నేను నింపిన ఫారం. పేరు: సుమయ్య, అంటే నేనే. స్టాప్: ధర్మవరం. డ్యూటీ: ఫస్ట్ షిఫ్ట్. నాలుగు లైన్ల ఫారాన్ని అతను పరీక్ష పేపర్‌లా చదివాడు.

"హిందూపురం కంటే రోజుకు యాభై నిమిషాలు ఎక్కువైతాది నీకు."

"లెక్క నాకు చెప్తాండావా? నాలుగు ఆడిట్లలో ఒక్కసారి కూడా నేను టైం చూసుకోలే. టైం చూసుకునేదే నా ఉద్యోగం. హిందూపురం టీ ఆదివారాలు తాగుతా. ఇద్దరం పోదాం."

"ఒకటో తేదీకి మూడు రోజులే ఉండాయి."

"మూడు నెలల్లో చేరబోయే వాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని రూల్ ఉండాది."

"రూల్ ఎవరు రాసినారు?"

"నేనే."

అప్పుడు నవ్వాడు. ఫారం మళ్లీ చూసి, "ఒక గడి ఖాళీగా ఉండాది" అన్నాడు.

ఇంటి అడ్రస్.

"ధర్మవరంలో నాకు ఇల్లెక్కడుండాది?"

కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. వాళ్లింటి అడ్రస్ కొట్టాడు, పిన్‌కోడ్‌తో సహా.

ఆ సాయంత్రం షీట్‌లో ఖాళీ కాలమ్‌కు పేరు పెట్టాను: 'మాది'.

ఆదివారం బాబావలి వాళ్ల అమ్మానాన్నలతో అంగడికొచ్చాడు. పెద్దవాళ్లు చుట్టాలెవరెవరో తేల్చుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాయన అతన్ని ఒక్కటే అడిగాడు.

"బస్సులో ఎంతసేపప్పా?"

"పోను గంటంబావు, రాను గంటంబావు."

నాయన మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"అయితే ఇద్దరి నడుములకూ మంచి పరుపు కావాల. మీ మంచం కొలత చెప్పు."