వెలిసిపోని పసుపు

పొద్దున్నే షెడ్డులో పొయ్యి వెలిగించి, పెద్ద కాగులో ఉల్లిపొట్టు ఉడకేసి, ఆ తర్వాతే ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుతుంది. ఆకులూ పొట్లూ పువ్వులూ మరిగించి నూలుకి రంగు వేయడమే ఆ ఇంటి బతుకుతెరువు. నీలం ఆవిడ భర్త వంతు. మోచేతుల దాకా ఎక్కిన నీలం ఎన్ని సబ్బులు అరగదీసినా వదలదు కాబట్టి వీధంతా ఆయన్ని నీలం మేస్త్రి అంటుంది. ఉల్లిపొట్టుతో తీసే పసుపు రంగు మాత్రం ఆవిడది. "నూలు చిరిగిపోవాలిగానీ నా పసుపు వెలిసిపోదు" అంటుంది. గొప్పలకి అనడం కాదు, అది నిజమే.

ఆ రోజూ కప్పు ఆయన చేతికిచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఏంటే అలా చూస్తావు? నేను కాఫీ తాగడం వింతా?"

"చల్లారిపోతుంది. కబుర్లాపి తాగండి."

మేస్త్రి కళ్ళు మూసుకుని గటగటా తాగేశాడు. ముఖం వికారంగా ముడుచుకుంది. ఖాళీ కప్పు చూసి ఆవిడ ముఖం విప్పారింది. అప్పుడే ఆయన కళ్ళు తెరిచాడు. కిటికీ వెలుగులో ఆ తెల్లగుడ్ల మీద ఏదో పలచటి చాయ కనిపించింది. ఆవిడ చప్పున చూపు తిప్పేసుకుంది. రోజంతా పసుపు కాగు ముందు నిలబడేదాన్ని, నా కళ్ళకి లోకమంతా పచ్చగా కనిపించక ఏమవుతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. పసుపులో ఏ చాయ ఎంత ఉందో ఆవిడకి తెలిసినట్టు ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. అయినా ఆ మాట నమ్మింది పాపం.

సంగతేమిటంటే, కిందటి వేసవిలో ఆయనకి కాలేయంలో కొవ్వు చేరిందని తేలింది. "చుక్క ముట్టని మనిషికి ఇదేం జబ్బు డాక్టరుగారూ?" అని ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. తాగనివాళ్ళకీ వస్తుందని, బరువూ తీపీ వేపుళ్ళూ తగ్గించి రోజూ నడవమని డాక్టరు చెప్పింది. పళ్ళెంలో ముదురు రంగు ఆకుకూరలు, పళ్ళు, చిక్కుళ్ళు ఉండాలంది. మొక్కకి రంగూ వగరూ ఇచ్చే పదార్థాలు కాలేయానికి కొంత సాయపడతాయని చెబుతున్నారంది.

ఆ 'కొంత' అన్న మాట ఆవిడ చెవికెక్కలేదు. రంగూ వగరూ అన్న మాటలు మాత్రం బాగా ఎక్కాయి.

మేస్త్రి ఆకుకూర చూస్తే ఆమడ దూరం పరిగెత్తే రకం. "నన్ను మేకని చేసి మేపుతావేంటే?" అని పళ్ళెం అంచుకి నెట్టేసేవాడు. బతిమాలింది, అలిగింది, తిట్టింది. ఏదీ పని చేయలేదు. చివరికి ఆవిడ బుర్రకి తన విద్యే తట్టింది. బుట్టెడు ఆకులోని రంగుని గరిటెడు నీళ్ళలోకి దించడం తనకి కొత్తా? ఆయన బుట్టెడు తినకపోతేనేం, గరిటెడు తాగిస్తే పోలా? రంగు చిక్కబడేకొద్దీ నూలుకి పట్టినట్టే మంచి కూడా చిక్కబడి ఒంటికి పడుతుందనుకుంది. గ్రీన్ టీ ఆకు దోసిళ్ళకొద్దీ మరిగించి, తారులా అయ్యేదాకా ఇగిర్చి, రోజూ పరగడుపున ఆయన కాఫీలో కలపడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన తాగడు కదా.

మధ్యాహ్నం కూతురు వచ్చింది. బడిలో లెక్కల టీచరు. ఆ పిల్లకి ఏదైనా తప్పు కనిపిస్తే, అది పిల్లల పలక మీదైనా కన్నతండ్రి దగ్గరైనా దిద్దేదాకా ఊరుకోదు. పొద్దున తండ్రి రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని తనొక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చింది. చెప్పులతోనే షెడ్డులోకి దూసుకొచ్చింది.

"నాన్నా, నిజం చెప్పు. తాగుతున్నావా?"

మేస్త్రి నూలు చిలపలు పిండుతున్నవాడల్లా ఆగాడు. "ఏంటమ్మా ఆ మాట?"

"తగ్గాల్సింది పోయి నీ కాలేయం ఇంకా వాచిందట. ఇలాగే సాగితే చెడిపోతుందని డాక్టరు భయపడుతోంది. మందు తాగుతున్నారా అనడిగింది. పోనీ ఇంట్లో పొడులూ కషాయాలూ ఏమైనా వాడుతున్నారా అనీ అడిగింది. లేవండీ, మా అమ్మ మిమ్మల్ని అడగకుండా ఏదీ చేయదని చెప్పొచ్చాను. ఇక మిగిలిందేంటి?"

పక్కనే పసుపు కాగు కలుపుతున్న ఆవిడ చేతిలో గరిటె కాగులోకి జారిపోయింది. కషాయాలు! మేస్త్రి తల తిప్పి భార్యని ఒక్కసారి చూశాడు. మళ్ళీ నేల చూపులు చూశాడు.

"అవునమ్మా. తాగుతున్నాను."

కూతురి ముఖం పాలిపోయింది. "ఎంత మాటన్నావు నాన్నా! మా నాన్న చుక్క ముట్టడని ఊరంతా చెప్పుకుని తిరిగానే. నీ మీద ఒట్టేసి మరీ చెప్పానే! అమ్మ నీ కోసం అంత అల్లాడిపోతుంటే నువ్వు చేసే నిర్వాకం ఇదా?"

"మానేస్తాలే తల్లీ. ఇవాళ్టి నుంచే మానేస్తా."

నిజం చెప్పాలంటే ఆ క్షణం ఆవిడకి హాయిగా అనిపించింది. బతికిపోయాను అనుకుంది. మరుక్షణం ఆ హాయికే ఒళ్ళు కంపరమెత్తింది. జన్మలో అబద్ధమాడని మనిషి, కూతురి ముందు దోషిలా తలొంచుకుని నిలబడ్డాడు. ఆవిడ విసవిసా వంటింట్లోకి వెళ్ళి, పిండి డబ్బాల వెనక దాచిన సీసా తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

"ఆయన తాగింది ఇదమ్మా. నేనే తాగించాను. కాఫీలో కలిపి, రోజూ, నా చేత్తో నేనే."

కూతురు మూత తీసి వాసన చూసి, నమ్మలేనట్టు తల్లిని చూసింది. "అమ్మా! కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని... ఎవర్నైనా ఒక్క మాట అడగొచ్చు కదే!"

"ఆకే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నానే." ఆవిడ నేల మీద కూలబడి భోరుమంది. కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి మొగుణ్ణి చూసింది. "అది సరే, మీరెందుకు ఒప్పుకున్నారు? చేయని తప్పు నెత్తినేసుకోవడానికి మీకేం పట్టింది?"

మేస్త్రి ఆవిడ పక్కనే చతికిలబడ్డాడు.

"మొదటి రోజే తెలిసిందే నాకు. ఆ వగరుకి నాలుక చర్మం లేచిపోయింది. నువ్వటు తిరగ్గానే కప్పు అడుగున మిగిలిన చుక్కలో నూలుపోగొకటి ముంచి, ఇనుపనీళ్ళు తగిలించి చూశా. ఆకు వగరు ఎంతుంటే అంత నల్లబడుతుంది కదా. కాటుకలా నల్లబడింది. కాఫీకి అంత నలుపెక్కడిది? రంగు వేసి బతికేవాడికి రంగు తెలియదంటే ఎలాగే?"

"తెలిసీ తాగారా!"

"కప్పు ఖాళీ అయ్యేదాకా గుమ్మంలో నిలబడి చూసేదానివి. ఖాళీ అవగానే నీ మొహంలో ఒక వెలుగొచ్చేది. నువ్వు పెట్టిన ఆకుకూర ఒక్క ముద్దైనా తినని వెధవని, ఇదైనా తాగితే నీ మనసు కుదుటపడుతుందనుకున్నా. ఆకే కదా అని నేనూ అనుకున్నానే."

కాగులో ఉల్లిపొట్టు కుతకుతలాడుతూనే ఉంది. కూతురు వచ్చి తండ్రి నీలం చేతుల్ని తన కళ్ళకి అద్దుకుని "క్షమించు నాన్నా, నోటికొచ్చినట్టు అనేశాను" అని వెక్కింది. "పోనీలే పిచ్చిపిల్లా" అంటూ ఆయన కూడా ఏడ్చాడు.

ఆ సాయంత్రమే ముగ్గురూ సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు ఆయన కంటిరెప్ప కిందికి లాగి చూసి పెదవి విరిచింది. "ఆకు ఆకుగా, తిండిలో తిండిగా వెళితే కాలేయానికి తోడు. అదే ఆకుని ఇంత గాఢంగా చేసి పరగడుపున పోస్తే కొందరి కాలేయం తట్టుకోలేదమ్మా. ముందిది ఆపండి. చాలామందికి ఆపితే తగ్గుతుంది. తగ్గుతుందని నేను మాటివ్వలేను, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేసి చూడాల్సిందే" అంది. దారి పొడుగునా ఆవిడ ఆయన చెయ్యి వదలలేదు.

మర్నాడు పొద్దున షెడ్డులో పొయ్యి వెలగలేదు. ఆవిడ ఉత్త కాఫీ కలిపి, కప్పు ఆయన ముందు పెట్టి, చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి కాఫీ అలాగే ఉంది. మేస్త్రి మాత్రం ఉడికించిన ఆకుకూర గిన్నె ముందేసుకుని, ఒక్కో ముద్దా కష్టపడి మింగుతున్నాడు.

"మేకలా మేస్తున్నానా?"

ఆవిడకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఆయన గడ్డం పట్టుకుని ముఖం కిటికీ వైపు తిప్పింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"ఏం చాయే?"

"లేత పసుపు. ఉల్లిపొట్టు మొదటి మునక."

"నీ చేతి రంగు కదా, దిగడానికి టైము పడుతుందిలే."

ఆవిడ ఆయన తలని గుండెకి హత్తుకుంది. తన పసుపు వెలిసిపోవాలని, ఒక్క చాయైనా మిగలకుండా వెలిసిపోవాలని ఆవిడ కోరుకోవడం బతుకులో అదే మొదటిసారి.