జాతర అయిపోయాక మిగిలిన టేపు

ఉదయం తొమ్మిదికి లోకేశ్వరి మనవరాలికి రాగిజావ తాగిస్తూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతోంది.

"జాతర టేపా? బూజు పోయిందా సలావుద్దీన్? అయితే ఇంటికే తీసుకోని రా, చూస్తాను."

ఆమె ఫోను పెట్టేలోపే, టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కూతురు మోహన తండ్రివైపు తిరిగింది.

"నాయనా, ఆ పని వద్దని రాసేస్తాండాను."

పుత్తూరులోని పాత్రల అంగడికి బయల్దేరబోతున్న ఏకాంబరం చెప్పుల దగ్గరే ఆగిపోయాడు. తిరుపతిలో కొత్తగా పెడుతున్న ఛానెల్లో ప్రొడ్యూసర్ పని అది. పది గంటల్లోగా జవాబు చెప్పమన్నారు. హైదరాబాదులో ఐదేళ్ళు అదే పని చేసి, బిడ్డ కోసం మానేసిన మోహనకు అంతకంటే మంచి బేరం ఇంకోటి వచ్చేది కాదు.

"ఎందుకు వద్దు?" అంది లోకేశ్వరి.

"నీ మాదిరి అమ్మను కాలేను కాబట్టి."

లోకేశ్వరి చేతిలో చెంచా ఆగింది. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో, పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళ దగ్గర పని నేర్చుకుని ఊరి కేబుల్ ఛానెల్‌కు కెమెరా భుజానికెత్తుకుంది ఆమె. ఊళ్ళో అప్పటికి ఇంకో ఆడమనిషి ఆ పనిలో లేదు. తర్వాత ఆమె చేతికింద పని నేర్చినవాళ్ళు ఈరోజు నాలుగు ఛానెళ్ళలో ఉన్నారు. ఆ రాబడి ఊరంతటికీ కనబడింది. దాని ఖరీదు ఎవరు కట్టారో ఇంట్లోవాళ్ళకే తెలుసు.

"ఎవరికైనా అన్నీ దొరకవే మోహనా. ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చుకుంటాము," అన్నాడు ఏకాంబరం.

"ఇచ్చింది నన్ను కదా నాయనా! నా చెవులు కుట్టిన వీడియో ఏమైంది? దాని మీదనే గంగమ్మ జాతర ఎక్కించేసింది. ఫోటోల్లో చూస్తే మామ ఉండాడు, అవ్వ ఉండాది, పక్కింటోళ్ళు కూడా ఉండారు. అమ్మ యాడ ఉండాది?"

"కెమెరా వెనక ఉండాను," అంది లోకేశ్వరి.

"నేను ఏడస్తా ఉంటే కూడానా?"

లోకేశ్వరి చెంచా గిన్నెలో పెట్టేసింది. అప్పట్లో కొత్త టేపు దొరకడం కష్టం. ఉన్న టేపుల మీదే మళ్ళీ మళ్ళీ ఎక్కించేవాళ్ళు. జాతర రోజు అంగళ్ళన్నీ మూసేశారు. సాయంత్రం ఆరింటికి ప్రసారం. సంచిలో మిగిలింది ఆ ఒక్క టేపే.

"చెరిపింది నేనే. ఎవురూ చెప్పలేదు, నేనే చేసినాను. కాదనను," అంది చివరికి. "నా తప్పుకు నన్ను ఎన్నన్నా అను. దానికి నీ పని పోగొట్టుకోవద్దు."

"నా బిడ్డ కూడా రేపు ఇదే మాట అడిగితే?"

మోహన మళ్ళీ ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. అప్పుడే గేటు చప్పుడైంది.

సలావుద్దీన్ ఒకప్పుడు లోకేశ్వరి దగ్గర ఎడిటర్. ఇప్పుడు పాత టేపులు శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. చెప్పులు విడుస్తూనే పెన్‌డ్రైవ్ చూపించాడు.

"అక్కా, జాతర అయిపోయిందని ఆపేయబోయినా. దాని తర్వాత ఇంకా ఏదో ఉండాది. జాతర గంటే కదా, టేపు అంతకంటే పెద్దది."

పెన్‌డ్రైవ్ టీవీకి తగిలించి జాతర చివరికి జరిపాడు. వేషాల గుంపు వెళ్ళిపోయింది. తెరంతా చుక్కలు. ఆ తర్వాత ఇదే ఇల్లు, ఇదే నడవ. మేనమామ గోవిందస్వామి ఒడిలో మూడేళ్ళ మోహన. ఆచారి సూది ఎత్తాడు. "అమ్మా!" అని పిల్ల కేక.

బొమ్మ ఒక్కసారిగా పక్కకు ఒరిగి, దబ్బున కింద పడింది. అక్కణ్ణుంచి తెర మీద చాప అంచు, అక్షింతల పళ్ళెం. ఒక చీర కుచ్చిళ్ళు గబగబా దాటిపోయాయి.

"ఈడే ఉండాను బంగారూ, అమ్మ ఈడే ఉండాది. సూడు, అయిపోయిందే!"

ఏడుపు వెక్కిళ్ళయింది. గోవిందస్వామి గొంతు వినబడింది: "అక్కా, కెమెరా కింద పడిపాయ! ఆఫీసుదంటివే!"

"పడనీరా."

చాలాసేపు చాప తప్ప ఇంకేమీ లేదు. వెక్కిళ్ళు మెల్లగా ఆగాయి. లోకేశ్వరి ఏదో పాడుతూ ఉంది, రాగం సరిగ్గా లేదు.

మోహన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పడనీ అనినావా అమ్మా?"

"నాకు గుర్తే లేదు," అంది లోకేశ్వరి. "కెమెరాకు సొట్ట పడింది మటుకు గుర్తుండాది. ఆ సొట్టతోనే జాతర తీసినా. నువ్వు ఏడస్తా ఉంటే నేను రాలేదనే అనుకుంటా ఉన్నా, ఇన్నేండ్లు."

మోహన వచ్చి తల్లి భుజం మీద తల వాల్చింది. మనవరాలు ఇద్దరి మధ్యా ఇరుక్కుని జావ మూతిని అమ్మమ్మ చీరకు తుడిచేసింది. ఏకాంబరం గడియారం చూశాడు.

"తొమ్మిది ముప్పావు. రాస్తావా, నన్ను రాయమంటావా?"

మోహన కళ్ళు తుడుచుకుని, రాసిందంతా కొట్టేసి మళ్ళీ రాసింది. చేరతానంది. ప్రసారం లేని రోజు ఆరింటికి ఇంటికి పోతానని కూడా రాసింది.

"ఆ షరతు పెట్టొచ్చని నాకు ఆ కాలంలో తెలీలేదే," అంది లోకేశ్వరి నవ్వుతూ. అన్నేళ్ళ బరువూ ఆ నవ్వులో దిగిపోయింది. ఏకాంబరం చెప్పులు వేసుకుని ఈల వేసుకుంటూ అంగడికి వెళ్ళాడు.

సలావుద్దీన్ పెన్‌డ్రైవ్ తీసుకోబోతూ అడిగాడు. "అక్కా, ఆ చాప ఉండే భాగం కోసేయనా? పనికిరాని షాటు కదా."

అలవాటుగా లోకేశ్వరి తల ఊపబోయింది.

"దాని జోలికి పోవద్దు మామా," అంది మోహన. "మా అమ్మ కనబడేది దాంట్లోనే."