చూడకుండా గీసిన బడి

పొద్దున్నే మోహ్లారో వంగి సలాం చేసి, అత్తగారికి చాయ్ అందించింది. పెళ్లయి అది ముప్పయ్యొకటో రోజు. ఉజ్బెక్‌ల ఊరు మర్గిలాన్‌లో వాళ్ల వీధి కొత్త కోడళ్లు నలభై రోజులు నిండేదాకా గడప దాటరు. అత్తగారు షరోఫత్ ఆ విషయంలో ఎవరి మాటా వినే మనిషి కాదు. అందుకే ఆర్కిటెక్టు కోడలి ఆఫీసంతా వంటింటి బల్ల మీదికే వచ్చింది. ఊరి బడిలో పిల్లలు కుట్టడానికి, చెక్కడానికి, బొమ్మలు వేయడానికి కొత్త భవనం కడుతున్నారు. దాని నమూనా రేపు కమిటీకి ఇవ్వాలి.

ఆ కాగితాలు చూడాలని అత్తగారికి మహా ఆరాటంగా ఉందని కోడలు ఎప్పుడో కనిపెట్టింది. అడిగితే చులకనైపోతానని ఆవిడ బిగుసుకుని తిరుగుతోంది. ఆరోజు మాత్రం ఉండబట్టలేక కళ్లజోడు పెట్టుకుని వంగింది.

"ఈ గాజుగోడ ఎక్కడొస్తుందమ్మాయ్?"

"దక్షిణం వైపునండీ అత్తయ్యా. అక్కడేదో సామాను గది ఉందిట, పడగొట్టేస్తారు."

షరోఫత్ చేతిలో కప్పు ఠక్కున బల్లను తాకింది. "సామాను గదా? ముప్పై ఏళ్లుగా నేను కుట్టు నేర్పుతున్న గది అది!"

మోహ్లారో మొహం పాలిపోయింది. అత్తగారు ఆ బడి టీచరని తెలుసు, ఆ గదేనని తెలీదు. కొలతలు ఆఫీసువాళ్లు వేసవి సెలవుల్లో తీసుకెళ్లారు. తాళం చూసి అలా రాసేసుకున్నారు.

"కంటితో చూడకుండా గుడ్డను దర్జీ కూడా కత్తిరించడు. బడినే కత్తిరించేశావా?"

"చూడనిచ్చారా మీరు? ఎన్నిసార్లడిగాను! గడప దాటితే కాళ్లు విరగ్గొడతానన్నారుగా!"

అనేసి నాలిక్కరుచుకుంది. మోహ్లారో భర్త ఇల్యోస్ లోపలికి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, రొట్టెముక్క పట్టుకుని వచ్చిన దారినే జారుకున్నాడు. అత్తగారు విసురుగా లేచి వెళ్లిపోయింది. ఇక తనను పుట్టింటికి పంపేస్తారేమోనని మోహ్లారో భయపడింది.

పది నిమిషాల తర్వాత షరోఫత్ ఇసిరిక్ మూలిక పొగతో వచ్చి, కోడలి చుట్టూ తిప్పి దిష్టి తీసింది.

"చెప్పులేసుకో."

"నలభై రోజులూ..."

"ఆ పాపమేదో నా నెత్తిన పడనీ. నడు."

బడి కుట్టుగదిలో అప్పటికే పెద్దపిల్లలు చేరారు, పద్నాలుగు మిషన్లు టకటకలాడుతున్నాయి. మోహ్లారో లోపలికి వెళ్లబోతే గుమ్మం నిండా పిల్లలే.

"వీళ్లది ఏ క్లాసండీ?"

"ఏ క్లాసూ కాదు. ఊరికే చూస్తారు. నేను తరమను, బడున్నంతసేపూ తలుపు మూయను. ఇవాళ గుమ్మంలో నిలబడ్డవాడు వారం తిరక్కుండా వచ్చి సూది అడుగుతాడు."

మోహ్లారోకి తన నమూనా గుర్తొచ్చింది. ఇరుకు వరండా, వరసగా ఎనిమిది మూసిన తలుపులు. నిలబడి చూసే చోటు ఒక్కటీ లేదు. సిగ్గేసింది.

"ఈ గదిని ఉంచేస్తానత్తయ్యా. సాయంత్రానికల్లా మార్చేస్తాను."

షరోఫత్ గోడను తడిమింది. సున్నం పెళ్లలు అరచేతిలో రాలాయి.

"వద్దులే. వానొస్తే నాలుగు చోట్ల గిన్నెలు పెడుతున్నాను. పడగొట్టు. కానీ ప్రతి గదికీ ఇంత గుమ్మం పెట్టు," అంటూ రెండు చేతులూ బార్లా చాపింది.

మోహ్లారోకి ఏడుపు ఆగలేదు. సంచిలోంచి టేపు తీసి, ఒక కొస అత్తగారి వేళ్లకు అందించింది.

"చేతులు దించకండి... నూట యాభై తొమ్మిది సెంటీమీటర్లు."

"సరిపోదు. ఇంకాస్త పెంచు," అంది షరోఫత్, తడికళ్లతో గుమ్మం వైపు చూస్తూ. "ఎంతమంది ఉన్నారో చూడు."