ఎర్రకల్లం అన్‌కట్

దగ్గు రాకూడదు!

మహతి చీర కొంగు నోట్లో కుక్కుకుంటుంది.

గొంతులో మంట. ముక్కులో ఘాటు. ముందూ వెనకా కటిక చీకటి.

బయట మే నెల మిట్టమధ్యాహ్నం. గుంటూరు బైపాస్ మీద తారు కరుగుతోంది. ఇక్కడ, కోల్డ్ స్టోరేజ్ రెండో ఛాంబర్లో, ఆమె వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి. కప్పు దాకా మిర్చి టిక్కీలు పేర్చి ఉన్నాయి. ఆ గోనె బస్తాల వరసల మధ్య మనిషి పక్కకి తిరిగితేనే పట్టే సందు.

ఆ సందులో ఆమె. చంకలో ఒక వీడియో టేప్.

గడియ చప్పుడు!

ఇనప తలుపు తెరుచుకుంటుంది. టార్చ్ వెలుగు గోడ మీద పాకుతుంది.

"ఎవడ్రా లోపల?"

శశిభూషణ్! ఈ కోల్డ్ స్టోరేజ్ ఓనర్. భోజనానికి ఇంటికెళ్ళిన మనిషి అప్పుడే తిరిగొచ్చాడు...

"పెట్టె తాళం పగలగొట్టావు. చూశాన్లే. మర్యాదగా బయటికి రా. నా చేతిలో రివాల్వర్ ఉంది. లైసెన్స్ కూడా ఉంది. దొంగని కాల్చానంటే నన్నడిగేవాడు లేడు!"

మహతి భయపడాలి. నలభై ఏడేళ్ళ మనిషి. పక్కింటి పెరట్లో కరివేపాకు రెమ్మ కూడా అడక్కుండా తుంచనిది. ఇవాళ ఒకడి గోడౌన్లో దొంగలా దాక్కుంది. భయపడాలి.

భయం రావడం లేదు. ఈ నెల మొదటి నుంచీ ఆమెకి ఏదీ రావడం లేదు. ఆకలి, నిద్ర, ఏడుపు... ఏదీ.

దగ్గొక్కటే వస్తోంది.

పక్కకి జరుగుతుంది. ఇంకొంచెం. చీర కుచ్చిళ్ళు బస్తా పురికొసకి తగులుకుంటాయి. లాగుతుంది. రావు. గట్టిగా లాగుతుంది.

పర్ర్...

అడుగుల చప్పుడు ఆగిపోతుంది.

వింటున్నాడు.

ముప్పై ఏళ్ళుగా ఈ ఘాటులో బతికిన మనిషి. అతనికి దగ్గు రాదు. ఎంతసేపైనా నిలబడగలడు.

ఆమెకి వచ్చేసింది!

టార్చ్ గిర్రున తిరుగుతుంది. తెల్లటి వెలుగు మొహాన కొడుతుంది.

"నువ్వా?" శశిభూషణ్ గొంతు మారిపోతుంది. "మహతీ... నువ్వా అమ్మా?"

"నేనేనండి."

"ఆ టేప్ ఇలా ఇచ్చెయ్."

"ఇవ్వను."

"అది నువ్వు చూడకూడదు. నా మాట విను. లోకంలో ఎవరు చూసినా ఫర్లేదు, నువ్వు మాత్రం చూడకూడదు!"

రివాల్వర్ ఇంకా ఆమె వైపే ఉంది.

మహతి చెయ్యి పక్క బస్తా చిరుగులోకి దూరుతుంది. పగిలిన కాయలు, గింజలు, పొడి... గుప్పెడు.

విసురుతుంది!

"అమ్మో!"

టార్చ్ కింద పడుతుంది. రివాల్వర్ కింద పడుతుంది. శశిభూషణ్ రెండు అరచేతులూ కళ్ళకి అదుముకుని మోకాళ్ళ మీద కూలబడతాడు.

మహతి వంగి రివాల్వర్ తీసుకుంటుంది. ఇంత బరువుంటుందని అనుకోలేదు. చల్లగా, పొత్రంలా ఉంది.

అతని కళ్ళలోంచి ధారలు. రెప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఎంత ఆపుకున్నా ఆగడం లేదు.

"చూశారా శశిభూషణ్ గారూ," అంటుంది. "కారం పడితే రెప్ప ఇలా కొట్టుకుంటుంది. మరి మా అక్క ఎందుకు కొట్టలేదు?"

పాతికేళ్ళ కిందట ఈ శశిభూషణ్ ఒక వీడియో సినిమా తీశాడు. పేరు 'ఎర్రకల్లం'. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో ముసుగు దయ్యం తిరుగుతూ మనుషుల్ని కోసే కథ. అది ఏ థియేటర్లోనూ ఆడలేదు. క్యాసెట్లుగానే తిరిగింది. పొదిలి నుంచి పిడుగురాళ్ళ దాకా వీడియో పార్లర్లలో తలుపులేసుకుని చూశారు.

హీరోయిన్ లక్ష్మీదుర్గ. మహతి అక్క.

చివరి రోజు షూటింగ్‌కి వెళ్ళింది. తిరిగి రాలేదు.

"పని అయిపోగానే ఇంటికే బస్సెక్కిందండి" అన్నాడు శశిభూషణ్.

"వాడే ఏదో చేసుంటాడు" అంది అమ్మ శ్యామలాంబ. "ఆ రోజు నేను గడప దాటలేదు. దాటి దాని వెంట వెళ్ళుంటే నా బిడ్డ నాకు దక్కేది."

నాన్న హెడ్మాస్టర్. కేసు పెడితే పరువు పోతుందన్నాడు. ఇంట్లో అక్క పేరు ఎత్తకూడదన్నాడు. ఎవరూ ఎత్తలేదు. ఆయన పోయాక కూడా ఎత్తలేదు.

ఈ నెల మొదట్లో పెదకాకానిలో ఇంటి బెల్లు మోగింది. పిలక జుట్టు కుర్రాడు. పేరు చైతన్యకృష్ణ. హైదరాబాద్‌లో ఉంటాడు. జనం మర్చిపోయిన దయ్యాల వీడియోలు వెతికి పట్టుకుని బ్లూరే డిస్కులుగా అమ్ముతాడు.

"'ఎర్రకల్లం'కి ఇప్పుడు కల్ట్ ఫాలోయింగ్ మేడమ్! జర్మనీలో కూడా ఫ్యాన్స్ ఉన్నారు. క్లైమాక్స్‌లో మీ సిస్టర్ చావు నిజమైన చావేనంటారు. అదే క్రేజ్!"

ల్యాప్‌టాప్‌లో చూపించాడు. మహతి ఆ సినిమా చూడటం అదే మొదలు.

ముసుగు మనిషి కత్తి దించాడు. అక్క వెల్లకిలా పడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నుదుటి మీంచి రక్తం జారి కంట్లోకి దిగింది. నల్లగుడ్డు మీదుగా పాకింది.

రెప్ప కదల్లేదు.

అక్కడితో సినిమా అయిపోయింది.

మహతికి ఆ రక్తం సంగతి తెలుసు. అది మిరప కారం నానేసిన నీళ్ళు. గుంటూర్లో చవగ్గా దొరికే ఎరుపు అదే. షూటింగ్ జరిగినన్నాళ్ళూ అక్క ఉబ్బిన కళ్ళతో ఇంటికొచ్చేది. చల్లటి పాలతో ఆ కళ్ళు కడిగింది మహతే.

ఆ కారం పడ్డా రెప్ప కొట్టని కన్ను శవానిదే.

లేచి వెళ్ళి స్టవ్ మీది పాలు దించింది. కాఫీ కలిపి కుర్రాడికి ఇచ్చింది. తర్వాత అడిగింది.

"దీని తర్వాత ఇంకా ఉందా?"

"మాస్టర్ టేప్‌లో ఉందంట మేడమ్. మిగతావన్నీ బూజు పట్టి పోయాయి. అదొక్కటే కోల్డ్ స్టోరేజ్ చలిలో ఫ్రెష్‌గా ఉందని వాచ్‌మన్ బుల్లయ్య నోరు జారాడు. ఓనర్ గారు మాత్రం ముట్టుకోనివ్వడం లేదు."

అందుకే ఇవాళ ఈ చీకటి. ఈ చలి.

"నడవండి," అంటుంది మహతి.

ఆఫీసు గదిలో చైతన్యకృష్ణ పాత ప్లేయర్‌కి వైర్లు తగిలించి ఎదురు చూస్తున్నాడు. ఆమె టేప్ తేవాలి. అతను కాపీ చేసుకోవాలి. ఓనర్ వచ్చేలోగా మళ్ళీ పెట్టెలో పెట్టెయ్యాలి. అదీ ప్లాన్.

తలుపు తెరుచుకుంటుంది. ముందు కళ్ళు కనపడక తడుముకుంటున్న ఓనర్. వెనక రివాల్వర్‌తో మహతి.

"మేడమ్! గన్... గన్ ఏంటి మేడమ్? ఇది మనం అనుకోలేదుగా!"

"టేప్ పెట్టు బాబూ."

"మేడమ్, ముందు ఆ గన్ కింద పెట్టండి..."

"రక్తం సినిమాలంటే ప్రాణం అన్నావుగా. పెట్టు."

టీవీ మీద గీతలు. గీతల్లోంచి బొమ్మ. కల్లం. ఎండ. ఎర్రటి నేల. ఇరవై నాలుగేళ్ళ అక్క!

ముసుగు మనిషి ఆమె వైపు వస్తున్నాడు.

"ఆ ముసుగులో ఎవరండీ?"

"నేనే," అంటాడు శశిభూషణ్. "వేరే మనిషిని పెట్టుకునే స్తోమత లేక నేనే వేశా. మహతీ, ఆపెయ్ అమ్మా. నన్ను పోలీసులకి పట్టించు. ఏం రాసుకొచ్చినా సంతకం పెడతా. అది మాత్రం ఆపించు!"

"చంపానని ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటా!"

"ఒప్పుకునేవాళ్ళకి నేను చూస్తే ఏం?"

"మాటిచ్చాను..."

"ఎవరికి?"

అతను గోడ వెంట తడుముకుంటూ ఒక్కడుగు పక్కకి జరుగుతాడు.

టీవీలో కత్తి దిగింది. అక్క పడింది. రక్తం కంట్లోకి జారుతోంది. రెప్ప... కదలడం లేదు.

శశిభూషణ్ ఒక్కసారిగా ప్లగ్గు వైపు దూకుతాడు!

ఢాం!

గది నిండా కాలిన వాసన. శశిభూషణ్ తొడ పట్టుకుని బీరువా అంచున జారిపోతాడు. తెల్ల ప్యాంటు తడిసిపోతోంది. నిజం రక్తం టీవీలో రక్తం కన్నా నల్లగా ఉంది.

చైతన్యకృష్ణ చెత్తబుట్టలో తల పెట్టి వాంతి చేసుకుంటున్నాడు.

మహతి చూపు టీవీ మీదే ఉంది.

"కట్!" టీవీలోంచి ఎవరిదో గొంతు.

అక్క రెప్ప కొట్టింది!

లేచి కూర్చుంది!

"చూశారా డైరెక్టర్ గారూ! కట్ అనేదాకా కొట్టలేదు!" పెదవి మీది రక్తం నాలుకతో నాకింది. "ఛీ, ఇదేంటండీ తియ్యగా ఉంది?"

"నీ కళ్ళ అవస్థ చూడలేక మార్పించానమ్మాయ్." ముసుగు తీసి నవ్వుతున్నాడు, నల్లజుట్టు శశిభూషణ్. "బీట్‌రూట్, బెల్లం పాకం."

"మరి ఈగల్ని ఎవరు తోల్తారు?"

అందరూ నవ్వుతున్నారు. అక్క అందరికన్నా గట్టిగా నవ్వుతోంది.

మహతి చెయ్యి కిందికి వాలిపోతుంది.

ఈ మనిషి చంపలేదు. చంపని మనిషిని తను కాల్చింది.

"ఇంక చాలు..." నేల మీంచి మూలుగు. "ఇక్కడ ఆపెయ్ తల్లీ... ఇక్కడితో వదిలెయ్..."

టేప్ ఆగలేదు. ఆ రోజు కెమెరా ఆపడం ఎవరికీ గుర్తులేదు.

బొమ్మలోకి పక్కనుంచి ఎవరో వచ్చారు. నేత చీర. చేతిలో స్టీలు క్యారియర్.

అమ్మ!

గడప దాటని అమ్మ!

"అమ్మా! నువ్వొచ్చావేంటే? నాన్నకి తెలిస్తే?"

"తెలీదులే. గోంగూర అన్నం తెచ్చా. తిను."

"నా చేతులు చూడు ఎలా ఉన్నాయో. నువ్వే పెట్టు."

అమ్మ ముద్ద చేసింది. నోట్లో పెట్టింది. అక్క చిన్నపిల్లలా నోరంతా తెరిచి తింది.

"చేదుగా ఉందేంటమ్మా?"

"మెంతులెక్కువయ్యాయిలే. తిను."

ఇంకో ముద్ద. ఇంకోటి. పెడుతూనే ఉంది. మధ్యలో ఒకసారి అక్క మొహం మీది ఈగని తోలింది.

కొంతసేపు ఏమీ లేదు. ఎవరో లైటు సర్దుతున్నారు. ఎవరో బీడీ అడుగుతున్నారు.

అక్క కడుపు పట్టుకుంది. వంగిపోయింది. మిరపకాయల మీద పక్కకి పడిపోయింది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి నురగ...

చప్పట్లు!

యూనిట్ అంతా చప్పట్లు కొడుతున్నారు!

"అదరగొట్టావమ్మాయ్!"

"చాల్లేవే తల్లీ, కట్ చెప్పేశాంగా!"

"ఇదేదో ఇందాకే చేసుంటే సీను పేలిపోయేది కదే!"

అమ్మ అటు చూడటం లేదు. వెనకాల నీళ్ళ డ్రమ్ము దగ్గర కూర్చుని క్యారియర్ తోముతోంది. తోమి, కడిగి, వాసన చూసి, మళ్ళీ తోముతోంది.

గీతలు.

టేప్ అయిపోయింది.

"పత్తికి కొట్టే పురుగుల మందు," శశిభూషణ్ మాట తేలిపోతోంది. "కూతురి బొమ్మ వీడియో పార్లర్లో ఆడితే ఉరేసుకుంటానన్నాడట మీ నాన్న. తాడు కూడా తెచ్చి పెట్టుకున్నాడట. ఇద్దర్లో ఒకళ్ళే మిగులుతారు, మొగుణ్ణి మిగుల్చుకున్నానంది మీ అమ్మ. నా కాళ్ళు పట్టుకుని, నీకెప్పటికీ తెలీనివ్వనని మాట తీసుకుంది. లక్ష్మీదుర్గని ఆస్పత్రికని వ్యాన్‌లో ఎక్కించాను. దారిలోనే పోయింది. యూనిట్‌కి మాత్రం తగ్గి ఇంటికెళ్ళిపోయిందని చెప్పాను. పిడుగురాళ్ళలో మాకు సున్నం బట్టీ ఉండేది..."

ఆ తర్వాత మాట అతను అనలేదు. ఆమె అడగలేదు.

"క్యాసెట్ బయటికొచ్చింది," అంటుంది మహతి. "మీరు అమ్ముకున్నారు. నాన్న ఉరేసుకోలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి నిద్రలో పోయారు."

శశిభూషణ్ తొడ మీద అరచెయ్యి ఇంకా గట్టిగా అదుముకుంటాడు.

"టేప్ ఎందుకు కాల్చెయ్యలేదు?"

"నేనే చంపానని ఎవరైనా వస్తే... చూపించుకోడానికి నాకు ఇంకేం ఉంది?"

చైతన్యకృష్ణ మూతి తుడుచుకుంటూ లేస్తాడు. కళ్ళు టీవీ గీతల మీదే ఉన్నాయి.

"మేడమ్... నిజమైన చావేనని ఫ్యాన్స్ అన్నది నిజమే. మొత్తం కాపీ అయింది మేడమ్. నేను... నేనేం చెయ్యాలి?"

"ముందు 108కి ఫోన్ చెయ్యి. ఆయన తొడకి ఆ తువ్వాలు గట్టిగా కట్టు. తర్వాత పోలీసులకి ఇవ్వు. డిస్కులో మాత్రం వెయ్యకు బాబూ. మా అక్క తింటోంది అందులో."

ఇంకా ఏడుపు రావడం లేదు. రివాల్వర్‌ని టేబుల్ మీద, ఫైళ్ళు పక్కకి జరిపి, జాగ్రత్తగా పెడుతుంది.

ఫోన్ మోగుతుంది.

అమ్మ.

"ఎక్కడున్నావే? ఈ ఎండలో ఏం తిరుగుళ్ళు? తిన్నావా?"

"లేదు."

"వేళ దాటిపోయిందిగా! రా త్వరగా. గోంగూర ఉంది, కలిపి పెడతా."

మహతి మెట్లు దిగుతుంది. ఎండ చెంప మీద కొడుతుంది. వేళ్ళు మాత్రం ఇంకా మంచుముద్దల్లానే ఉన్నాయి.

"వద్దమ్మా," అంటుంది. "చెయ్యి కడుక్కోకు. కంచం ముందు కూర్చో. ఇవాళ నేను కలిపి పెడతా."